వంతు నాదే, డేటా సుగుణక్కది

ఐదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. చూసేవాళ్లకు అది బరువులా కనపడదు. సబ్బుబిళ్లంత తెల్ల డబ్బా ఒకటి, దాని గురించి నేను ఆడిన అబద్ధం ఒకటి. ఇంతేనా అనిపిస్తుంది మీకు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఎవరి ప్రాణాలూ పోలేదు కదా అని నన్ను నేనే సముదాయించుకున్నాను. అలా సముదాయించుకోవాల్సి వచ్చినప్పుడే నాకు తెలియాల్సింది, అది చిన్న విషయం కాదని.

నా పేరు చెప్పను. ఆమె పేరూ అసలుది కాదు, సుగుణక్క అంటాను. మాది సూళ్లూరుపేట అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. వల వేస్తేనే పొయ్యి వెలిగే ఇళ్లు. సుగుణక్క మా పక్కింటి కోడలు. బీఈడీ చదివి కూడా రొయ్యల షెడ్డులో తలకాయలు ఒలిచే పనికి పోతుండేది. రోజంతా ఐసులో నాని ఆమె వేళ్లు తెల్లగా పాలిపోయి ఉండేవి. బడిలో టీచరు కావాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క కోరిక. అది ఊళ్లో అందరికీ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. నాకు పదో తరగతి లెక్కలు ఒంటబట్టించింది ఆమే.

బళ్లు మూతపడి చదువులన్నీ ఫోన్లలోకి వచ్చిన ఏడాది అది. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే కట్ట మీదికి పోయి నిలబడాలి. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు నెట్ ఇస్తే పావుగంటలో అది పెనంలా కాలిపోయేది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను, ఇలాంటివి నాకే తెలుసని అందరి నమ్మకం. మా ఇల్లు, సుగుణక్క ఇల్లు, మా మేనత్త ఇల్లు కలిసి, సిమ్ వేస్తే చుట్టూ ఉన్న ఫోన్లకు నెట్ పంచే హాట్‌స్పాట్ డబ్బా ఒకటి కొనాలనుకున్నాం. సూళ్లూరుపేటంతా తిరిగి వాడిన డబ్బా ఒకటి తెచ్చాను. అన్నిటికన్నా చవక ప్లాన్ ఉన్న సిమ్ వేశాను. వెదురు గడకు కట్టి పైకెత్తితే సిగ్నల్ చక్కగా అందుకునేది. ఒకటే చిక్కు. ఆ ప్లాన్‌లో రోజుకింత డేటా అని లెక్క. మూడిళ్లూ ఒకేసారి వాడితే మధ్యాహ్నానికే ఖాళీ.

దానికి మా మేనమామ ఒక దారి చెప్పాడు. సరస్సులో వల వేసే తావులకు మాకు వంతులున్నాయి. ఈ పొద్దు ఒకరిది, రేపు ఇంకొకరిది. పొద్దు పొడిచే వేళకు వంతు మారుతుంది. డబ్బాకూ అదే పద్ధతి పెడదామన్నాడు. అందరూ సరేనన్నారు. అప్పట్నుంచి తెల్లారగానే డబ్బా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారేది.

ఇక్కడే ఉంది కిటుకు. మా వంతు పొద్దుపొడుపుతో మారుతుంది. సిమ్‌లో రోజు మాత్రం రాత్రి పన్నెండింటికే మారిపోతుంది. అంటే మరునాటి డేటా వచ్చి పడేసరికి డబ్బా ఇంకా ముందురోజు వాళ్ల ఇంట్లోనే ఉంటుంది. ఈ సంగతి మూడిళ్లలో నాకొక్కడికే తెలిసింది. చెప్పానా? చెప్పలేదు. చెబితే నాకేమొస్తుంది అనుకున్నాను. నా వంతు వచ్చినప్పుడల్లా తెల్లవారుజామున లేచి, అవతలి వాళ్ల డేటాలోంచి కొంచెం గిల్లుకునేవాణ్ణి. వంతు నాదే కదా, డబ్బా నా చేతిలోనే ఉంది కదా. దొంగతనానికి ఇంత మర్యాదైన దారి దొరికితే ఎవడు వదులుకుంటాడు? నేను వదులుకోలేదు.

ఒక ప్రైవేటు బడి వాళ్లు సుగుణక్కను ఆన్‌లైన్‌లో పాఠం చెప్పి చూపించమన్నారు. నచ్చితే ఉద్యోగం. పదకొండు గంటలకు టైమిచ్చారు. ఆ రోజు వంతు ఆమెదే. వారం ముందు నుంచే ఆమె భిన్నాల పాఠం తయారు చేసుకుంటోంది. కాగితాన్ని మడుస్తూ సగం, సగంలో సగం అని మా మేనత్త పిల్లలకు చెప్పి చూసుకునేది. అంతకుముందు రోజు వంతు మాది. తెల్లవారుజామున లేచాను. నా ఫోన్‌లోని ఆటకు కొత్త అప్‌డేట్ వచ్చి ఉంది. కొంచెం దిగాక ఆపేద్దామని మొదలుపెట్టాను. మళ్లీ నిద్ర పట్టేసింది.

ఆమె తలుపు తట్టిన చప్పుడుకు మెలకువ వచ్చింది. అప్‌డేట్ మొత్తం దిగిపోయి ఉంది. ఆ రోజు డేటా అంతా అయిపోయిందని డబ్బాకు మెసేజ్ వచ్చి ఉంది. అది చూడాలంటే పాస్‌వర్డ్ కావాలి, పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. నేను చూశాను. చూసి, డబ్బా ఆమె చేతిలో పెట్టాను.

నిద్ర పట్టడం పొరపాటే, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత? పదకొండింటి దాకా బోలెడు టైముంది. ఫోన్‌లోంచి చిన్న డేటా ప్యాక్ వేస్తే పది నిమిషాల్లో సరిపోయేది. వేస్తే ఎందుకేశావని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. మా ఊళ్లో పరాయి వంతులో వల వేసినవాడి ముఖం ఏడాది దాకా ఎవరూ చూడరు. ఆ భయంతో నోరు మూసుకున్నాను. డేటా అయిపోయినా నెట్ పూర్తిగా ఆగదు, నత్తలా పాకుతుంది; ఏమో, ఎలాగోలా నడుస్తుందేమో అని ఆశపడ్డాను కూడా. ఆశ అంటున్నాను గానీ, అది పిరికితనమే.

పన్నెండు కాకముందే డబ్బాను రెండు చేతుల్తో పట్టుకుని వచ్చింది. షెడ్డుకు కట్టని మంచి చీర కట్టుకుని ఉంది.

"ఏందబ్బయా ఇది? నేను చెప్తానే ఉండా, వాళ్లకి బొమ్మ నిలబడిపోయిందంట. నేనేమన్నా తప్పు నొక్కినానా?"

"నువ్వేం నొక్కలేదక్కా. డబ్బానే సరిలేదు. పాతది గదా, తట్టుకోలేదు."

"అయితే నా తప్పు కాదంటావా?"

"కాదక్కా."

నేను చెప్పినదాంట్లో ఆమె తప్పు లేదన్నది ఒక్కటే నిజం. డబ్బా నా దగ్గరే వదిలి ఆమె ఇంటికి వెళ్లాక మెసేజ్ తీసేశాను. బడి వాళ్లు వేరే ఎవరినో తీసుకున్నారు. సుగుణక్క మర్నాడు షెడ్డుకు పోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. అబద్ధం ఒకటి చెప్పాక దానికి కాపలా కాయాలి కదా. ఇంకా మంచి డబ్బా చూసిపెట్టమని నన్నే అడిగింది. నేను చూశాను! మా ఊరి టవర్‌కు ఏది సరిపోతుంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, బయటి యాంటెన్నా పెట్టుకునే వీలుందా అని ఫోన్లో గంటలు గంటలు వెతికాను. ఆమె పక్కన కూర్చుని పెద్ద ఇంజనీరులా వివరించాను. కొత్త వల కోసం దాచుకున్నది ఆ డబ్బాకు పెట్టింది. వాళ్లాయన చెంచయ్య బావ ఆ ఏడంతా పాత వలకే మాట్లు వేసుకుంటూ వేటకు పోయాడు. ఒక్కరోజు కూడా నన్ను ఏమీ అనలేదు. పైగా పీతలు పడితే మా ఇంటికి పంపించేవాడు. అవి నాకు గొంతు దిగేవి కావు. తినేవాణ్ణి, అది వేరే సంగతి.

కొత్త డబ్బా నిజంగా బాగుంది. ఇంకో బడి వాళ్లు పిలిచారు. ఈసారి డేటా నిండుగా ఉంది, బొమ్మ ఎక్కడా ఆగలేదు. కానీ సుగుణక్క రెండు నిమిషాలకోసారి పాఠం ఆపేసి, "వినపడతా ఉందా సార్?" అని అడిగింది. వినపడుతోందమ్మా చెప్పండి అంటే మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ ఆపి అదే అడగడం. డబ్బా ఎప్పుడైనా మోసం చేస్తుందని ఆమెకు నేర్పింది నేనే. ఆ ఉద్యోగమూ రాలేదు. ఆ తర్వాత ఆమె ఎక్కడా దరఖాస్తు పెట్టలేదు. నాకు అచ్చిరాదులే అంటుంది. అసలు తనకు చెప్పడమే చేతకాదేమో అని కూడా ఒకసారి మా అమ్మతో అందట.

నాకేమో అదే అచ్చొచ్చింది. మంచి డబ్బా చూసిపెట్టాడని సుగుణక్కే నలుగురికీ చెప్పింది. ఆ నలుగురూ ఇంకొందరికి చెప్పారు. ఇప్పుడు సూళ్లూరుపేటలో నాకు చిన్న మొబైల్ కొట్టు ఉంది. చవక ప్లాన్‌కు సరిపోయే హాట్‌స్పాట్ కావాలని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వస్తారు. వాళ్లను నేను మొదట అడిగేది ఒకటే. డబ్బా ఆగిపోతోందా, డేటా అయిపోతోందా, చూసుకున్నారా అని. సగం మందికి కొత్తది అక్కర్లేదని చెప్పి పంపించేస్తాను. నిజాయతీ ఉన్న కుర్రాడని పేరు కూడా వచ్చింది. ముక్కూ మొహం తెలియని వాళ్లకు రోజూ చెప్పే నిజం, నాకు లెక్కలు నేర్పిన మనిషికి ఒక్కసారి చెప్పలేకపోయాను. ఎందుకు? తిడుతుందనా? తిడితే బాగుండును. ఏమీ అనకుండా లేచి వెళ్లిపోతుందేమో, దానికి నాకు భయం.

మొన్న సుగుణక్క సిమ్ రీచార్జికి కొట్టుకు వచ్చింది. ఎవరూ లేరు. నిజం నోటిదాకా వచ్చింది. అక్కా, ఒక మాట అన్నాను. ఏంది అంది. ప్లాన్ రేటు పెరిగిందక్కా అన్నాను.

అందుకే మీకు చెబుతున్నాను. మీరు నన్ను క్షమించాలని కాదు, ఆ హక్కు మీకు లేదు. కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతే. ఆ సుఖం కూడా ముందు నాకే దక్కడం న్యాయం కాదని తెలుసు.

ఇంకొకటి ఉంది. ఇప్పటిదాకా దాటేస్తూ వచ్చాను. ఆ రోజు పదకొండింటికి నేను వాళ్లింటి గోడ పక్కనే నిలబడి ఉన్నాను, ఏమవుతుందో అని. బొమ్మ ఆగిపోయిన సంగతి ఆమెకు చాలాసేపు తెలియలేదు. అవతల ఎవరూ లేకపోయినా కాగితం మడుస్తూ పాఠం చివరిదాకా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ఆ పాఠం మొత్తం విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. చాలా బాగా చెప్పింది. ఆ మాటైనా ఆమెకు చెప్పలేదు. చెబితే, నువ్వక్కడ ఎందుకున్నావబ్బయా అని అడుగుతుందని.