ప్లగ్గు నా చేతిలోనే ఉంది

ఇది కల్పించి చెబుతున్నది కాదు. మా అమ్మ మీద ఒట్టు. ఏ పని చేసినా టైము రాసుకోవడం నాకు అలవాటు. ఆ రాత్రి రాసుకున్నవి ఇంకా నా ఫోన్‌లో ఉన్నాయి. వాటిని చూస్తూనే చెబుతున్నాను.

గిరి, నేను కలిసి డిప్లొమా చదివాం. వాళ్లది మైపాడు. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. వాడికి కొత్త కంప్యూటర్ బిగించడానికి నెల్లూరు నుంచి సామాన్లన్నీ ఆటోలో వేసుకుని వెళ్లాను. ఒక పక్కంతా అద్దం ఉన్న కేసు. ముందు మూడు ఫ్యాన్లు, వెనక ఒకటి, పైన ఒక లైట్ల పట్టీ. అన్నీ రంగులు మారుతూ వెలుగుతాయి. మేడ మీద గదిలో, సముద్రం వైపు కిటికీ దగ్గర బల్ల ఉంటే దాని మీదే పని మొదలుపెట్టాను.

తొమ్మిదింబావుకి మొదటిసారి ఆన్ చేశాను. బాగానే లేచింది. లైట్లు సరిగ్గా ఉన్నాయా అని ఒక్కో రంగూ పెట్టి చూస్తున్నాను. ముందు ఎరుపు. గదంతా ఎర్రబడింది.

మెట్ల మీద పరుగు వినిపించింది. గిరి వాళ్లమ్మ.

"ఆ ఎర్ర దీపం ఆర్పేయ్ నాయనా. మీ చిన్నాయన ఇంకా నీళ్ల మీదుండాడు."

నాకు అర్థం కాలేదు. గిరి చెప్పాడు. వాళ్ల మేడ పిట్టగోడకి రెండు బల్బులున్నాయి... ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. వాళ్లమ్మ 'చిన్నాయన' అన్నది వాళ్ల నాన్న మస్తానయ్యని. ఆయన చేపల వేటకి వెళ్లిన రోజు, సాయంత్రం ఆమె ఒడ్డుకి వెళ్లి అలలు చూసి వస్తుంది. పచ్చది వేస్తే పడవ రావచ్చని. ఎర్రది వేస్తే అలలు విరిగే చోటు దాటొద్దు, బయటే లంగరు వేసుకోమని. ఆ సాయంత్రం ఆమె పచ్చది వేసింది. ఆయన ఫోన్ చేసి చెప్పిన మాటలు రెండే. డీజిల్ అడుగంటింది, ఈ రాత్రికే ఒడ్డెక్కాలి. అంతలో ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. పైగా గాలి లేస్తోంది. లంగరు పట్టు తప్పితే, డీజిల్ లేని పడవ ఎటు కొట్టుకుపోతుందో ఎవరూ చెప్పలేరు.

"ఆయన చూసుంటాడా?" అన్నాను.

"ఇంకా ఇంత దగ్గరికి రాలేదులే. అయినా నువ్వు కంప్యూటర్ బిగించేదానికి వచ్చినావా, మా నాయన్ని సముద్రంలోనే ఉంచేదానికి వచ్చినావా?" అని గిరి నవ్వాడు. వాళ్లమ్మ నవ్వలేదు.

షట్‌డౌన్ చేశాను. వెనక స్విచ్ ఆపాను. ప్లగ్గు పీకాను. కేసు మీద దుప్పటి కప్పాను. ఈ నాలుగూ చేసినట్టు ఫోన్‌లో ఉంది. 9:22.

1:10. కరెంటు పోయింది.

పచ్చ బల్బు ఆరిపోయింది. గిరి, వాళ్లమ్మ టార్చిలైట్లు తీసుకుని ఒడ్డుకి పరిగెత్తారు. నన్ను మేడ మీదే ఉండి, కరెంటు రాగానే పచ్చది వెలిగిందో లేదో చూడమన్నారు.

చీకటి. అలల చప్పుడు. దానికి అవతల... సన్నగా... టకటకటక. పడవ ఇంజను. దగ్గరికొస్తోంది.

గదిలో ఎదురుగా గోడ మీద నా నీడ కనిపించింది. చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి గానీ తట్టలేదు... ఇంత చీకట్లో నీడ ఎక్కడిది?

వెనక్కి తిరిగాను.

దుప్పటి లోపల ఎరుపు.

రంగు మారడం లేదు. వణకడం లేదు. నిలకడగా ఉంది. ఫ్యాన్ల చప్పుడు కోసం చెవి పెట్టాను. ఏమీ లేదు. వైరు తడుముకుంటూ చివరిదాకా లాగాను. ప్లగ్గు నా చేతిలోకి వచ్చింది. ఆ ఇంట్లో ఇన్వర్టర్ లేదు. యూపీఎస్ మేం కొనలేదు. బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీకి అంత శక్తి లేదు. పవర్ సప్లైలో మిగిలే కరెంటు కొన్ని సెకన్లే ఉంటుంది. నేను ప్లగ్గు పీకి అప్పటికి దాదాపు నాలుగు గంటలు గడిచాయి.

మూసేద్దామంటే కిటికీ రెక్కలు తుప్పుపట్టి కదల్లేదు. కిటికీకి వీపు ఆనించి, చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాను. ఆ ఎరుపు నా ముఖం మీద పడుతోంది. వెనక ఇంజను... టకటక... టక... టక...

ఆగిపోయింది.

ఆ తర్వాత ఎరుపు కూడా పోయింది. మొదలైంది 1:17. పోయింది 1:21.

రెండింటికి కరెంటొచ్చింది. పచ్చ బల్బు వెలిగింది. గిరి వాళ్లమ్మ వచ్చి దాని కిందే కూర్చుంది. పడవ రాలేదు. ఆ గాలిలో, చీకట్లో ఇంకో పడవ తోసుకెళ్లి వెతికే దారి లేదు. జరిగిందంతా గిరికి చెప్పాను. వాడు నా ముఖంలోకి చూశాడు.

"ఇంజను ఆగిపోయినప్పుడు నేను వెనక్కి తిరిగి మేడ చూసినాను రా. కిటికీ చీకటిగానే ఉండింది."

తెల్లవారాక పడవ వచ్చింది. మస్తానయ్య మేడ కింద అరుగు మీద కూర్చుని టీ గ్లాసు పట్టుకున్నాడు. రాత్రంతా లంగరు తాడు పట్టుకునే కూర్చున్నాడట. నేను దగ్గరికెళ్లాను. ఆ ఎరుపు నా కంప్యూటర్‌దేనని, నాలుగు నిమిషాలు వెలిగిందని, తప్పు నాదేనని చెప్పాను.

"నాలుగు నిమిషాలేంది అబ్బయ్యా? తెల్లవారేదాకా ఎర్రగానే ఉండిందే. ఎప్పుడు పచ్చది వేస్తారా అని చూస్తానే ఉండా."

గిరి వాళ్లమ్మ తలెత్తి పైకి చూసింది. ఎండలో, పిట్టగోడ మీద, ఎవరూ ఆర్పని పచ్చ బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది.

తర్వాత కేసు విప్పి ప్రతి వైరూ పరీక్షించాను. ఏ లోపమూ లేదు. లైట్ల వైర్లు మాత్రం తీసేయమన్నాడు గిరి, తీసేశాను. ఇప్పుడు దాని మీదే పని చేసుకుంటున్నాడు. నా ఫోన్‌లో 1:17 ఎదురుగా 'కారణం' అని ఉంది. దాని పక్కన ఖాళీ. కిటికీ సంగతి ఎప్పటికైనా తేలుతుందేమో. కానీ రెండింటి నుంచి తెల్లవారేదాకా మేం ముగ్గురం ఆ పచ్చ వెలుగులోనే కూర్చున్నాం. ఆయన చూసింది ఎరుపు. మా కళ్లు నమ్మాలో, ఆయన కళ్లు నమ్మాలో... నాకైతే ఇప్పటికీ తెలియదు.