పండ్లెక్కువున్నది

మొన్న పక్కింట్లో అల్యూమినియం కోస్తుంటే ఆ వేడి లోహపు వాసనకు మేనమామ గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు గోదావరిఖని గని క్వార్టర్లో అవ్వ, అంటే మా నాయనమ్మ, బొగ్గుదుమ్ముకు దగ్గుతుంటే, ఆమె గదికి అల్యూమినియం ఫ్రేముతో అద్దాల కిటికీ పెట్టడానికి వచ్చాడాయన.

“బిడ్డా, పండ్లెక్కువున్నది తే.”

నేను అరటిపండ్ల గంప తెచ్చాను. మామ నవ్వి సంచిలోని రంపపు బిళ్లల పళ్లు చూపించాడు. అందులో అన్నిటికన్నా పెద్దది తీసిచ్చాను.

“గిది కట్టెకు. పండ్లు దూరం దూరమున్నయి, పల్చటి ఫ్రేమును చింపుతది. మిషన్ల గూడ పట్టది.”

పెద్దది ఎందుకు పనికిరాదో నాకర్థం కాలేదు. సన్నపండ్ల చిన్న బిళ్లతో నున్నగా కోసి, కిటికీ బిగించాడు.

మూయగానే అవ్వ నాతో, “తెరువు బిడ్డా, గని సైరన్ ఇనబడ్తలేదు. నీ బాపు ఇంక డ్యూటీ దిగలే” అంది.

కిటికీ కావాలన్నదీ అవ్వే, తెరవమన్నదీ అవ్వే. గనిలోకి దిగిన కొడుకు షిఫ్టు ముగిసే సైరన్ కోసం ఆమె రోజూ చెవులొగ్గి కూర్చునేదని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.