డెల్ఫా నడుముకు సరిపడ్డ పిస్టల్

డెల్ఫా హాకెట్ ఇళ్ళు అమ్ముతుంది. మా అర్కాన్సా కొండల్లోని ఈ ఊళ్ళో సగం మంది ఆమె చూపించిన ఇళ్ళలోనే కాపురాలు చేస్తున్నారు. నా సెలూన్ ఉన్న భవనం కూడా ఆమె అమ్మిపెట్టిందే. ధర ఎక్కువని నేను గొణిగేలోపే, "ఒలెటా, ఇక్కడ పొద్దున్నే ఎండ పడుతుంది, జుట్టు రంగులో తేడా ఇట్టే తెలుస్తుంది" అని నా నోరు మూయించింది. ఖాళీ ఇల్లంటే ఆమెకు అంత ఇష్టం. అందులో ఎవరు ఎక్కడ కూర్చుని కాఫీ తాగుతారో ముందే ఊహించేస్తుంది.

పోయిన అక్టోబరులో, ఇల్లు చూస్తానని వచ్చిన ఒక మనిషి ఆమెను మెట్ల మీద నుంచి తోసేసి, పర్సూ కారు తాళాలూ లాక్కుపోయాడు. కుడి మణికట్టు విరిగింది. ఎముక క్రిస్మస్ నాటికి అతుక్కుంది గానీ, ఆ తర్వాత డెల్ఫా ఒక్క ఖాళీ ఇంటి గడప కూడా తొక్కలేదు. ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తేది. ఆమె ఇళ్ళను మిగతావాళ్ళు చూపించేవారు. వసంతం వచ్చేలోపు మామూలుగా పనిలో పడకపోతే ఆ ఇళ్ళన్నీ వేరేవాళ్ళకు అప్పగించక తప్పదని యజమాని మెల్లగానే చెప్పాడు. ఆ పని పోతే ఆమెకు మిగిలేది టీవీ, ఒక పొగరుబోతు పిల్లి.

పనిలోకి వెళ్ళాలంటే నడుముకు ఏదో ఒకటి ఉండాలని ఆమె నిశ్చయించుకుంది. తుపాకీ లైసెన్సు క్లాసు కూడా పూర్తి చేసింది. ఇక పిస్టల్ ఎంచుకోవడమే మిగిలింది.

సరిగ్గా ఇక్కడే మావాళ్ళు ఎప్పుడూ చేసే తప్పు చేశారు. మా వైపు ఆడదానికి పిస్టల్ కావాలంటే మగవాడు వెళ్ళి కొనుక్కొస్తాడు. ఆమె చెయ్యి ఎంతుందో చూడడు. కొట్లో అన్నిటికన్నా చిన్నది, దొరికితే ముద్దొచ్చే రంగులో ఉన్నది పట్టుకొస్తాడు. ఉంగరమైనా వేలికి పెట్టి చూసి కొంటారు, దీనికి ఆపాటి జాగ్రత్త కూడా ఉండదు. డెల్ఫా తమ్ముడు వెండెల్ పశువుల దాణా కొట్లో పనిచేస్తాడు. మనిషి మంచివాడే, సలహాలే ఎక్కువ. అక్క పుట్టినరోజుకి అరచేతిలో ఇమిడిపోయే వంకాయ రంగు పిస్టల్‌కి రిబ్బను కట్టి మరీ తెచ్చాడు.

గురువారం పొద్దున్న మేం ఆడవాళ్ళమంతా తుపాకీ సాధన చేసే ఆర్లిస్ రేంజిలో చేరతాం. కాల్చడం ఎంత ముఖ్యమో తినడమూ అంతే ముఖ్యం. వెనక బల్ల మీద కారం చల్లిన కోడిగుడ్లు, చీజ్ శాండ్‌విచ్‌లు, ఎవరో ఒకరు చేసి తెచ్చిన పెకాన్ పప్పుల తీపి రొట్టె ఉంటాయి. ఆ వారం డెల్ఫా వచ్చింది. వెంట వెండెల్ కూడా తయారయ్యాడు.

ఆ చిన్న పిస్టల్ పై భాగాన్ని వెనక్కి లాగడానికే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. లోపలి స్ప్రింగు అంత గట్టిది. మొదటి గుండు పేలగానే అది ఆమె చేతిలో గింజుకుంది. రెండోదానికి తూటా ఖాళీ తొడుగు బయటికి రాకుండా అడ్డంగా ఇరుక్కుపోయింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ అంతే.

"మణికట్టు బిగించవే! మెత్తగా పట్టుకుంటే ఇరుక్కోదూ మరి?" అన్నాడు వెండెల్.

"ముందు నువ్వు నోరు బిగించుకో," అన్నాను నేను. "విరిగిన మణికట్టుని బిగించమంటాడు, పెద్ద డాక్టరు!"

డెల్ఫా పిస్టల్ బల్ల మీద పెట్టి, చెవులకున్న మూతలు తీసేసింది. "నా వల్ల కాదు, ఒలెటా. ఆ ఇళ్ళు మిగతావాళ్ళకే ఇచ్చెయ్యమని రేపు ఆఫీసులో చెప్పేస్తాను," అంది.

మా గురువారాల్లో ఒక పద్ధతుంది. ఎవరి పిస్టల్‌ని వాళ్ళు ఖాళీ చేసి, తెరిచి బల్ల మీద పెడతారు. ఎవరిదైనా ఎవరైనా కాల్చి చూడొచ్చు, తిండి దగ్గర ఎలాగో అలాగే. మాలో అందరికన్నా పెద్దావిడ, పాస్టరుగారి భార్య నోవెలా. ఆవిడ తన పిస్టల్‌ని డెల్ఫా వైపు జరిపింది. నల్లగా, ఏ సోకూ లేకుండా, వెండెల్ తెచ్చినదానికన్నా రెండు వేళ్ళు పెద్దదిగా ఉంది.

"నా చేతులు చూడవే తల్లీ, అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. నేను లాగగలిగింది నువ్వు లాగలేవా?"

డెల్ఫా లాగింది. తేలిగ్గా వచ్చేసింది. వేళ్ళన్నీ పిడి మీద పట్టాయి, చిటికెనవేలు గాల్లో వేలాడలేదు. వరసగా కాల్చింది. ఒక్కటీ ఇరుక్కోలేదు. లక్ష్యం కాగితం మీద చిల్లులన్నీ దగ్గరదగ్గరగా పడ్డాయి. ఆమె ఖాళీ అయిన పిస్టల్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళకి నేనేం చెప్తాను?" అంది. "గోడ రంగు చూడకండి, పెద్ద వాన పడ్డాక వచ్చి నేలకింది గదిలో నీళ్ళు ఊరాయేమో చూడండి అంటాను. మరి నేనే రంగు చూసి మురిసిపోతే ఎట్లా?"

అప్పట్నుంచి ఆమెతో వేగడం మా వల్ల కాలేదు. అలాంటిదే కొత్తది కొని, దానికి పెట్టని పరీక్ష లేదు. చేతులు చల్లబడి వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు కాల్చింది, ఎడమ చేత్తో కాల్చింది, తుడవకుండా వారాల తరబడి కాల్చింది. సాధనకు వాడే చవక తూటాలతో సరిపెట్టక, రోజూ వెంట పెట్టుకోబోయేవి కూడా వేసి చూసింది. ఒకసారి ఇరుక్కుంటే ఇంటికి పోకుండా కూర్చుని, తప్పు పిస్టల్‌ది కాదు, పిడిలో దూర్చే తూటాల డబ్బీల్లో ఒకదానిదని తేల్చి, దాన్ని చెత్తలో పారేసింది.

"పెళ్ళికొడుకుని కూడా ఇంత పరీక్ష చేసుండవు నువ్వు," అన్నాడు రేంజి యజమాని ఆర్లిస్.

"చేసుంటే ఆ జెరాల్డ్‌ని చేసుకునేదాన్నా?" అంది డెల్ఫా, వదిలేసిన మొగుణ్ణి తలుచుకుని.

తర్వాత దాన్ని బట్టల కింద కనపడకుండా దాచడం. సోమవారం నా సెలూన్‌కి సెలవు. ట్రిగ్గరు పూర్తిగా కప్పే గట్టి ఒర, మందపాటి బెల్టు పెట్టుకుని అద్దాల మధ్య ఆమె వంగేది, లేచేది, పైఅరలోవి అందుకునేది. నేనూ నోవెలా కుర్చీల్లో కూర్చుని తీర్పు చెప్పేవాళ్ళం.

"కనిపిస్తోందే! నడుముకి అట్లకాడ దోపుకున్నట్టుంది," అంది నోవెలా.

పొడుగు కోటు వేశాక ఆ అట్లకాడ మాయమైంది. అక్కని తీసుకెళ్దామని వచ్చిన వెండెల్ గుమ్మంలో నిలబడి మొహం వేలాడేశాడు. "నేనిచ్చింది జేబులో పడేసుకుంటే సరిపోయేదిగా. ఇంత తంటా ఎందుకు?"

"జేబులో పడేసుకోడానికి దువ్వెనుంది నాకు. ఇది అవసరానికి పనిచెయ్యాలిరా," అంది డెల్ఫా.

మార్చిలో ఒక శనివారం, కొండ రోడ్డు మీద ఇల్లు చూపించడానికి ఆమె ఒప్పుకుంది. కొనేవాళ్ళను ముందే ఆఫీసుకి పిలిచి, గుర్తింపు కార్డులు చూసి పరిచయం చేసుకుంది. వాళ్ళు వచ్చేలోపు ఇల్లు సర్దడానికి ఒక్కతే వెళ్తానంది. ఎవరూ రావద్దని మరీమరీ చెప్పింది. అయినా సరే, నేనూ వెండెల్ అతని ట్రక్కులో వెళ్ళి దేవదారు చెట్ల వెనక దాక్కున్నాం.

ఆమె కారు దిగింది. మెట్ల దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో, వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందేమోనని నేను ఊపిరి బిగబట్టాను. అప్పుడు తాళం తీసి లోపలికి వెళ్ళింది. వెనకాల తలుపు మూసుకుంది.

లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. వెండెల్ స్టీరింగ్‌ని పట్టుకునే కూర్చున్నాడు.

"ఆ చిన్నది ఎందుకు కొన్నానో తెలుసా, ఒలెటా?" అన్నాడు. "ఆసుపత్రిలో తుపాకీ మాటెత్తితేనే అక్క వణికిపోయింది. బొమ్మలాంటిదైతే భయపడదనుకున్నాను."

థర్మాసులో కాఫీ ఉంటే అతని కప్పులో పోశాను. అతను తాగలేదు. ఇంకాసేపటికి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. "ఇక నా వల్ల కాదు, వెళ్తున్నా," అన్నాడు.

అప్పుడే మేడ మీద, పైకి ఎత్తి తెరిచే కిటికీ ఒకటి కిర్రుమని సగం లేచి ఆగిపోయింది. ఆ సందులోంచి డెల్ఫా తల బయటికొచ్చింది, జుట్టు నిండా దుమ్ము.

"చెట్టు వెనకున్న మహానుభావులిద్దరికీ చెప్తున్నా!" అని అరిచింది. "ఊరికే కాపలా కాసే బదులు ఎవరో ఒకళ్ళు పైకి తగలడండి! ఈ కిటికీ బిగుసుకుపోయింది, ఇల్లంతా ఎలుకల కంపు, ఇంకాసేపట్లో వాళ్ళొచ్చేస్తారు!"

వెండెల్ ట్రక్కు తలుపు తెరిచిపెట్టేసి పరుగెత్తాడు. గుమ్మం ఎక్కబోతుంటే పైనుంచి మళ్ళీ కేక వినిపించింది. "తలుపు కొట్టి రారా వెధవా! నా నడుముకేముందో మర్చిపోయావా?"

అతను ఠక్కున ఆగి, చర్చిలో అడుగుపెట్టేవాడిలా టోపీ తీసి తలుపు కొట్టాడు. అది చూసి డెల్ఫా పగలబడి నవ్వింది. అక్టోబరు తర్వాత ఒక ఖాళీ ఇంట్లోంచి ఆమె నవ్వు వినడం అదే మొదలు. నేను ట్రక్కులో కూర్చుని హాయిగా ఏడ్చాను.