నల్ల మస్కట్‌కు వాసన వచ్చేదాకా

2006 మార్చి 19, ఆదివారం సాయంత్రం. నాచారం ఇంటి పెరట్లో ఉన్నవారు: నేను, నా భార్య, ఒకప్పుడు ఉప్పల్ ద్రాక్ష తోటల్లో పనిచేసిన ముసలి తోటమాలి.

ఆ రోజు నా డైరీ పేజీలో అక్షరాలు వంకరగా ఉన్నాయి. మర్నాడు మేస్త్రి వచ్చి నీళ్ల సంపుకు గుంత తవ్వాలి. ద్రాక్ష మొదలు సరిగ్గా ఆ చోటే ఉంది.

"రెండేండ్ల సంది పులుపే తినిపిస్తున్రు. పప్పుల చింతపండుకు బదులు ఏస్కోవాల్నా? ఈసారి గూడ గట్లనే ఉంటే తీసేపిస్త" అని నా భార్య ముందే చెప్పింది.

అది నల్ల మస్కట్ రకం ద్రాక్ష. ఉప్పల్‌లో తోట ప్లాట్లయినప్పుడు తోటమాలి తెచ్చిచ్చిన కొమ్మ. ఆ తోటలో మిగిలింది అదొక్కటే. గుండ్రటి కాయ, లోపల గింజలు, పండితే గులాబీ వాసన వస్తుందని ఆయన చెప్పేవాడు. మా ఇంట్లో ఆ వాసన ఎవరమూ ఎరగం. ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కొమ్మలు కత్తిరించి తేదీ రాసుకున్నాను. కాయ నల్లబడగానే కోశాను. తప్పు అక్కడే జరిగింది.

"నలుపొస్తే పండినట్టు గాదు సారూ. రంగు ముందొస్తది, తీపి ఎనుకొస్తది. తెంపినంక ఇగ తీపెక్కది" అన్నాడాయన.

అందుకని ఈసారి నల్లబడ్డాక ఇరవై రోజులు ఆగాను. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. వాన పడితే పండిన కాయ పగులుతుంది. కత్తెర తీసుకుని పందిరి కిందికి వెళ్లాను.

"ఇప్పుడే కోసేద్దాం. డైరీ లెక్కన ఇరవై రోజులు నిండినయి."

"గా డైరీకి ముక్కున్నదా సారూ? ఎండకు కాగిన కాయ, ఇప్పుడు వాసన తెల్వది. పొద్దుగాల సల్లగున్నప్పుడు తెంపు. ఫికర్ జెయ్యకు."

నా భార్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ముగ్గురం పందిరి మీద పాత ప్లాస్టిక్ పట్టా కప్పాం. దీపాలు పెట్టే వేళకు వాన మొదలైంది. పట్టా అంచు ఊడి టపటపా కొట్టుకుంటుంటే మూడుసార్లు గుమ్మం దాకా వెళ్లాను.

"ఎన్నిసార్లు సూస్తరు? కూసోండి" అంది నా భార్య.

మర్నాడు పొద్దున చూస్తే, పట్టా లేచిన మూలలో ఆరు గుత్తులు పగిలి తేనెటీగలు ముసిరాయి. గడ్డపారతో మేస్త్రి అప్పటికే గేటు దగ్గర ఉన్నాడు. వంటింటి కిటికీ తెరిచిన నా భార్య, "పొద్దుపొద్దుగాల్నే అగరొత్తులు ముట్టించిన్రా?" అని అడిగింది. లేదన్నాను. బయటికొచ్చి పగిలిన కాయ ఒకటి నోట్లో వేసుకుంది, గింజలు అరచేతిలోకి ఊసింది.

"సంపు ఈడ కాదు, ముందట గేటు కాడ తవ్వు" అంది మేస్త్రితో.