బాగ్దాదు ఆవిడ తెచ్చిన పళ్లెం

మొన్న మా తెలుగు క్రైస్తవ సంఘం వాట్సాప్‌లో మా సంఘపెద్దగారు ఒక ఫార్వర్డు పంపారు. ముస్లిం దేశాల్లో ఉండేది ఒకటే మతం, ఒకటే రకం మనుషులు, జాగ్రత్త అని. ఎనభై దాటినా ఆయన అజ్ఞానం మీద ఒక్క ముడతా పడలేదు. దేవుడాయనకు దీర్ఘాయువు ఇచ్చాడు, స్తోత్రం. కాస్త బుద్ధి కూడా ఇమ్మని ఆయన ఎన్నడూ అడిగినట్టు లేదు.

అది చదవగానే ఎనభైల మొదట్లో అమెరికాలో, ట్రాయ్‌లో మా అపార్ట్‌మెంటు, ఎదురు తలుపు బాగ్దాదు ఆవిడ గుర్తొచ్చారు. నేను బడి మొహం చూడనిదాన్ని. పొయ్యి దగ్గర అమ్మ బైబిలు చదివిస్తూ నేర్పిన అక్షరాలే నావి. నా ఇంగ్లీషూ ఆవిడ ఇంగ్లీషూ కలిపితే ఒక వాక్యం అయ్యేది. దాంతోనే ఆవిడ తన వీధంతా చూపించారు. ఒక పక్క షియాలు, మొహర్రంలో గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించి ఇంటింటికీ గిన్నెలు పంపేవారట. ఇంకో పక్క సున్నీలు. మూలన యూదుల కొట్టు, వాళ్లు దేశం విడిచాక మూసే ఉండేదట. నదిలో బాప్తిస్మం తీసుకునే వెండిపని వాళ్లు వేరే మతమట. ఆవిడేమో క్రైస్తవురాలు, మా తాతలకు సువార్త అందడానికి వందల ఏళ్ల ముందు నుంచీ వాళ్లది ప్రార్థన చేసే ఇల్లే. పిల్లలు కావాలని ముస్లిం ఆడవాళ్లు వాళ్ల చర్చిలో మరియమ్మ ముందు కొవ్వొత్తి వెలిగించేవారట. గుంటూరు వైపు పీర్ల పండక్కి అన్ని కులాలూ గుండం చుట్టూ చేరడం చూసిన నాకు ఇందులో వింతేమీ తోచలేదు. "అన్నీ తేనే కాదులే, అందుకేగా ఇక్కడికొచ్చాం" అనీ ఆవిడే అనేవారు.

ఆ చలికాలం మా పాపకు న్యుమోనియా వచ్చింది. మావారు ఊళ్లో లేరు. మంచులో మమ్మల్ని హాస్పిటల్‌కి డ్రైవ్ చేసుకెళ్లి, జ్వరం దిగేదాకా మంచం పక్కనుంచి కదలనిది ఆవిడే. పాప ఇంటికొచ్చాక కృతజ్ఞత కూడిక పెట్టుకుని ఆవిణ్ణీ పిలిచాను. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి పళ్లెం నిండా తెచ్చారు. మా పులిహోర పక్కనే పెట్టాను.

"ఇదేంటి సిస్టర్?" అన్నారు ఈ పెద్దగారే.

"ఎదురింటావిడ తెచ్చారండీ."

"అరబ్బులా? హలాల్ అయ్యుంటుంది. ప్రసాదం ముట్టం కదా, ఇదీ అంతే. బాల్కనీలో పెట్టించండి."

"అందులో మాంసమే లేదన్నయ్యగారూ. ఈస్టర్ ముందు లెంటు ఉపవాసాలని ఆవిడ మాంసం మానేశారు."

"వాళ్లకి లెంటేంటమ్మా! రంజాన్ అయ్యుంటుంది, మీకు తెలీదు" అని నవ్వారు. ఊళ్లో తన నాన్నమ్మకు దోసిట్లోనే నీళ్లు పోశారని సాక్ష్యం చెప్పినప్పుడల్లా కళ్లు తుడుచుకునే మనిషి, ఆ పళ్లేన్ని రెండు వేళ్లతో బల్ల అంచుకు నెట్టారు.

పాపను ఒళ్లో పెట్టుకున్న ఆవిడ అది చూశారు. ఆ వేళ్లకు తర్జుమా అక్కర్లేదు. పాపను దించి కోటు అందుకున్నారు. నా కృతజ్ఞతే కోటు వేసుకుని గడప దాటబోతున్నట్టనిపించింది.

"అన్నయ్యగారూ, పాపను బతికించడానికి దేవుడు వాడుకున్న చేతులండీ అవి. భోజనానికి ప్రార్థన ఆవిడే చేస్తారు" అని పళ్లెం బల్ల మధ్యకు జరిపాను.

ఆవిడ సిలువ గుర్తు వేసుకుని, వాళ్ల పాత భాషలో మెల్లగా ప్రార్థించారు. పెద్దగారు ఒక కన్ను తెరిచే ఉంచారు.

"ఓహో, ఆర్‌సీఎమ్మా! క్యాథలిక్కులన్నమాట!" అన్నారు, ఆమెన్ అవగానే. ఆవిణ్ణి ఒక అరలోంచి తీసి ఇంకో అరలో పెట్టేశారు. తినడం మాత్రం తినలేదు. పిల్లలు పళ్లెం ఖాళీ చేశారు. ఆవిడ ఆయన్ని చూసి, నా చెవిలో ఇంగ్లీషులో అన్నారు: "బాగ్దాదులో మా ముస్లింలు నా వంట కోసం కొట్టుకునేవాళ్లు. ఈయనకేమైంది?"

ఆ పాపకిప్పుడు నలభై దాటాయి, ద్రాక్షాకులు నాకన్నా బాగా చుడుతుంది. ఫార్వర్డు కింద సంఘమంతా ఆమెన్‌లు పెట్టింది. కాలం అందరి ఇళ్లకూ వస్తుంది. కొందరిని మాత్రం, ఆ పళ్లెంలోది ఆయన ముట్టనట్టే, ముట్టకుండా వెళ్లిపోతుంది.