మా తోడల్లుడి స్పీకరు పెట్టె

మా తోడల్లుడంటే నాకు మొదటి నుంచీ కుళ్ళే. దాచుకునే వయసు దాటిపోయింది కాబట్టి ఒప్పుకుంటున్నాను. మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్నాడు, గోదావరి వైపు మనిషి. అతనిలో వంక పెట్టడానికి ఏమీ దొరికేది కాదు. నాకు అదే కష్టంగా ఉండేది.

మా మావగారిది ఉద్దానంలో, సముద్రానికి దగ్గర ఊరు. రిటైరైన మాస్టారు, చర్చి సంఘంలో పెద్ద. ఆయన దగ్గర ఒక జత పాత చెక్క స్పీకర్లుండేవి. ఒక్కొక్కటీ మోకాలంత ఎత్తు, పైన పల్చటి టేకు పొర అతికించిన పెట్టెలు. ఆదివారం గుడి నుంచి వచ్చి భోంచేశాక రికార్డు పెట్టుకుని కీర్తనలు వినేవారు. తొంభైల చివర్లో వచ్చిన తుఫానులో ఇంటి మీద కొబ్బరిచెట్టు పడింది. రెండు రోజులు నీళ్ళలో నాని టేకు పొర లేచిపోయింది, స్పీకరు లోపలి కాగితం గరాటు చిరిగిపోయింది. పలాసలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే కొట్టు నాది. "నేను సేత్తాను మావయ్యా" అన్నాను. అని రెండేళ్ళయింది. ఎవరడిగినా ఆయన మాత్రం "మా పెద్దబావు సేత్తాడు" అని నా గురించే చెబుతూ ఉండేవారు.

పెళ్ళయ్యాక మొదటిసారి పదిహేను రోజుల సెలవు మీద వచ్చాడు మా తోడల్లుడు. గోనెసంచి కింద ఉన్న పెట్టెలు చూసి వరండాలోకి లాగాడు. ఏదో ఆఫీసులో గుమాస్తా, చెక్కపని సరదాగా నేర్చుకున్నాడట. నేను ఆదివారం వెళ్ళేసరికి, లేచిన పొర కింద జిగురు పెట్టి, తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెతో మెల్లగా అదుముతున్నాడు. మావగారు కుర్చీ తెచ్చుకుని అతని పక్కనే కూర్చుని చూస్తున్నారు. ఇన్నేళ్ళలో నా కొట్టులో ఒక్కరోజు కూడా ఆయన అలా కూర్చోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా ముఖం చూసి మావగారే అన్నారు, "జత గదా. పెద్దబావు ఒకటి, సిన్నబావు ఒకటి సేసీండి."

మర్నాడే వచ్చి వరండా రెండో మూలలో కూర్చున్నాను. చెల్లెలొచ్చిందని పుట్టింట్లోనే ఉన్న మా ఆవిడ మంచినీళ్ళిస్తూ, "రెండేళ్ళనుంచి ఖాళీ నేదన్నారు గదా. ఇప్పుడేటి, కొట్టుకి తాళమేసి మరీ వచ్చినారు?" అంది. పెట్టె నాకు ముఖ్యం కాదు. ఆ కుర్చీ నా పక్కకి రావాలి, అంతే.

స్పీకరు కాగితం అతికించడంలో నన్ను కొట్టేవాడు లేడు. చెక్క దగ్గరే తేలిపోయాను. గరుకు కాగితంతో చెక్క చార వెంటే రుద్దాలి. నేను తొందరలో అడ్డంగా రుద్దాను. మొదటి పూత పాలిష్ పడగానే గీతలన్నీ బయటపడ్డాయి. అతని పెట్టె ఇంకా పాలిష్ పడకుండానే పట్టులా ఉంది. అడ్డమొచ్చిన పిల్లిని కూడా కసిరాను.

అప్పుడడిగాడు అతను. "అన్నయ్యగారూ, ఇక్కడ చెదలెక్కువంటున్నారు. పెట్టె లోపల ఏం రాయమంటారండీ?"

"జీడినూనె" అన్నాను.

అబద్ధం కాదు. జీడిపిక్కల పెంకు నుంచి తీసే నల్లటి నూనె అది. మా వైపు పడవలకి పూస్తారు, ఇంటి వాసాలకి పూస్తారు. చెద దరిచేరదు. కానీ చర్మానికి తగిలితే కాల్చేస్తుంది. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకి బూడిద రాసుకోకుండా పని ముట్టుకోరు. మా దగ్గర పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. అతనికి తెలియదు. తెలియదని నాకు తెలుసు. చెబుదామని నోరు తెరిచాను కూడా. అంతలో మావగారు లోపలి నుంచి వచ్చి, కుర్చీ జరుపుకుని మళ్ళీ అతని పక్కనే కూర్చున్నారు. నోరు మూసుకున్నాను.

సాయంత్రం మావగారు సంఘం పని మీద వెళ్ళాక, అతను ఆ నూనె తెప్పించి, గుడ్డ ముంచి, వట్టి చేతులతో, మూలమూలలా శ్రద్ధగా పూశాడు. నేను చూస్తూ కూర్చున్నాను.

మర్నాటికి వేళ్ళ సందులు ఎర్రబడ్డాయి. మూడోనాటికి రెండు అరచేతులా బొబ్బలు. అన్నం కలుపుకోలేకపోతే మా మరదలు ముద్దలు చేసి నోట్లో పెట్టింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, దానికీ కుళ్ళుకున్నాను.

మావగారికి కోపం వచ్చింది. "ఆ నూనె రాయమని ఎవులన్నారు? సేతులకి బూడిద రాసుకోమని సెప్పనేదా?" అంటూ నావైపు తిరిగారు.

"అన్నయ్యగారు చెప్పారండి. నేనే వినిపించుకోలేదు" అన్నాడు అతను.

మావగారు చల్లబడ్డారు. "సెప్పినావు గదా బావు. నీ తప్పేటి నేదులే" అని నా భుజం తట్టారు.

అతని పెట్టెకి పాలిష్ నేనే వేశాను. స్పిరిట్‌లో కరిగించిన లక్క, దూది ఉండతో పల్చగా, పూత మీద పూత. అంత నున్నగా రుద్దిన చెక్క మీద నా చెయ్యి ఎప్పుడూ పడలేదు. మావగారు కుర్చీ తెచ్చుకుని నా పక్కన వేసుకున్నారు. సాయంత్రం దాకా లేవలేదు. పాత కీర్తనల గురించీ, తన చిన్నప్పటి సంఘం గురించీ ఏవేవో చెప్పారు. కోరుకున్నది దొరికింది. ఒక్క మాట కూడా చెవికెక్కలేదు.

ఆయన స్నానానికి లేచాక తోడల్లుడి దగ్గరికి వెళ్ళాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఎందుకలా సెప్పినావు?" అన్నాను.

తలెత్తి నన్ను చూశాడు. నేను ఏం చేశానో అతనికి తెలుసు.

"నేను ఎల్లుండి వెళ్ళిపోతానండి. రేపు ఆయనకి ఏదైనా అవసరమొస్తే పక్కనుండేది మీరే కదా" అన్నాడు.

తప్పయిపోయింది తమ్ముడూ అనాల్సింది. ఆ మాట నోటి దాకా వచ్చింది. అనలేదు. ఇంత మంచిమాట నాకెందుకు తట్టదు, ఎప్పుడూ ఇతనికే ఎందుకు తడుతుంది అని, బొబ్బలెక్కిన ఆ చేతుల ముందే నిలబడి కుళ్ళుకున్నాను.