మిరప కల్లంలో లచ్చి జబ్బు

మా అత్తగారికోసం పొయ్యిమీద బార్లీ పెట్టినప్పుడల్లా, ఆ చప్పటి కమ్మటి వాసన వంటింట్లోంచి హాల్లోకి వచ్చేలోపే, నా మనసు వినుకొండ ఇవతల మా ఊరి మిరప కల్లంలోకి వెళ్ళిపోతుంది. మాఘమాసం వచ్చిందంటే చేను పక్కన నేల చదును చేసి, పేడతో అలికి, ఎర్రటి కాయలు పరిచేవాళ్ళు. పొద్దున మంచుకి మెత్తబడి, మధ్యాహ్నానికి గలగలలాడుతూ, సాయంత్రానికి మళ్ళీ కుప్పగా పట్టా కిందకి చేరేవి. ఆ ఘాటుకి కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్మలేక చచ్చేవాళ్ళు, మేం మాత్రం అక్కడే మూడు రాళ్ళ పొయ్యిమీద అన్నం వండుకుని, పండుమిరపకాయలూ చింతపండూ నూరిన పచ్చడి కలుపుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఇంకో ముద్ద పెట్టమనేవాళ్ళం.

బడి మూడు మైళ్ళ దూరం, మధ్యలో వాగు. నన్ను పంపడానికి ఇంట్లో భయపడ్డారు, అందుకని నాకు చదువంతా అమ్మే చెప్పింది. కాపలా గుడిసె నీడలో ముందు దేవుడి పద్యం, తర్వాత ఎక్కాలు, తర్వాత లెక్కలు. ఊళ్ళో పిల్లలంతా బడికి పోతే నాకు తోడు లచ్చి. గోధుమరంగు ఊరకుక్క, శుక్రవారంనాడు మా గుమ్మంలోకి వచ్చిందని నాయనమ్మ ఆ పేరు పెట్టింది. మేకలూ పందులూ కల్లంలోకి రాకుండా అంచు వెంబడి రోజంతా తిరిగేది గాని, ఒక్క కాయ తొక్కేది కాదు.

అలాంటిది, నాకు పదేళ్ళున్న ఆ ఏడు, పరిచిన కాయల మధ్యకే వెళ్ళి కూర్చుని తడపడం మొదలుపెట్టింది. తడిసిన కాయ తెల్లబడి తాలయిపోతుంది, ధర పలకదు. నాయనమ్మ చీపురు పట్టుకుని వెంటబడింది.

"ఏమే లచ్చీ, పోయేకాలమొచ్చిందా నీకు! భూమ్మీద ఇంకెక్కడా చోటు లేదా?"

మిరపకాయ ఎండబెట్టేవాళ్ళకి తడి అంటే శత్రువు. ఏ కష్టమొచ్చినా ముందు తడి ఎక్కడినుంచి వస్తోందనే చూస్తారు. నాయనమ్మా అలాగే చూసింది. "తాగబట్టే గదా పోసేది" అని లచ్చి నీళ్ళ చిప్ప బోర్లించేసింది. పొద్దునో గుక్క, సాయంత్రమో గుక్క, అంతే. మూడు రోజులైనా తడపడం ఆగలేదు సరికదా, ఎక్కువైంది. "శివరాత్రి వెళ్ళాక సరుకుతోపాటు దీన్నీ గుంటూరు లారీ ఎక్కిస్తా. దోవలో ఎక్కడో దింపేస్తారు" అని తేల్చేసింది. ఆ మాట విన్నాక నాకు అన్నం దిగలేదు.

రోజంతా దాని పక్కనే ఉండేదాన్ని కాబట్టి, పెద్దవాళ్ళు చూడనిది నాకు కనపడింది. లచ్చి కూర్చుంటుంది, లేస్తుంది, నాలుగడుగులేసి మళ్ళీ కూర్చుంటుంది. అంతసేపు ముక్కితే వచ్చేది రెండు చుక్కలు. ఆ చుక్క కూడా కుంకుమ కలిపిన నీళ్ళలా ఉంటుంది, చెడ్డ వాసన. తర్వాత మూలిగి, అదే పనిగా నాక్కుంటుంది. కూర్చున్నప్పుడల్లా పలకమీద గీత గీశాను. మధ్యాహ్నానికి ఇరవైమూడు గీతలు. పలక అమ్మకి చూపించాను.

"పొగరు కాదత్తయ్యా, దానికి మంటగా ఉన్నట్టుంది" అంది అమ్మ.

"మిరపకాయలమీద కూర్చుంటే మంట గాక చల్లగా ఉంటదా!" అంది నాయనమ్మ.

శివరాత్రి రోజు పొద్దున్నే, తిరునాళ్ళలో ఎత్తైన ప్రభ బండిని లాగే ఎడ్లని చూడ్డానికి పశువుల డాక్టరుగారు పక్క పొలంలోకి వచ్చారు. అమ్మ కొంగు నిండుగా కప్పుకుని వెళ్ళి పిలుచుకొచ్చింది. ఆయన లచ్చి పొట్ట తడిమి, నా పలక చూసి, "మా కాంపౌండరు కన్నా నువ్వే నయమమ్మా" అని, కాస్త మూత్రం పట్టి ఇవ్వమన్నారు.

పట్టడానికి చేతికి దొరికింది పొయ్యి దగ్గరున్న పులుసు గరిటె. లచ్చి ముందు, గరిటెతో నేను వెనక, "ఓసి నీ దుంపతెగ, నా గరిటే!" అంటూ నా వెనక నాయనమ్మ, కల్లం చుట్టూ మూడుసార్లు తిరిగాం. కోత కూలీలు నవ్వలేక బస్తాలమీద వాలిపోయారు. చివరికి అడుగున నాలుగు చుక్కలు పట్టాను. ఆయన అందులో సన్నటి కాగితపు పుల్ల ముంచి, రంగు మారడం చూసి, "మూత్రంలో ఇన్ఫెక్షనండి. ఆడకుక్కలకి ఎక్కువగా వస్తుంది. మంటకి ఆపుకోలేకపోతోంది, అందుకే ఎక్కడపడితే అక్కడ కూర్చుంటోంది. నీళ్ళు బాగా తాగుతోందా?" అన్నారు.

బోర్లించిన చిప్ప ఆయనకే కనపడింది.

"అయ్యో, నీళ్ళు తాగితేనే గదండి లోపలి క్రిములు కొట్టుకుపోయేది!"

నాయనమ్మ ఆరోజు మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసంలో ఉంది. ఎండిన పెదాలు తడుముకుంటూ లచ్చి వంక చూసింది. "నేనంటే శివయ్య కోసం మానుకున్నా. ఇదెవరికోసం మానుకుందే" అని, ఎవర్నీ పిలవకుండా తనే బిందె వంచి చిప్ప నింపింది. లచ్చి తాగిన చప్పుడు కల్లమంతా వినపడింది. అది తాగుతున్నంతసేపూ నాయనమ్మ దాని పక్కనే గొంతుక్కూర్చుంది. తను మాత్రం మర్నాడు పొద్దున దాకా చుక్క ముట్టలేదు.

రెండు వారాలు పూటకో మాత్ర, పెరుగన్నం ముద్దలో దాచి పెట్టాం. గంటకోసారి కల్లం బయటికి తిప్పడం నా పని, బార్లీ కాచి చల్లార్చడం నాయనమ్మ పని. ఐదో రోజుకి లచ్చి మామూలుగా తిరుగుతుంటే, "తగ్గిందిగా, ఇక మాత్రలు ఆపేద్దామా?" అంది అమ్మ. "డాక్టరు మధ్యలో ఆపితే తిరగబెడతదన్నాడా లేదా?" అని నాయనమ్మ గద్దించింది. లారీ వచ్చిన రోజు బస్తాలు ఎక్కించాక నాన్న నవ్వాపుకుంటూ, "అమ్మా, లచ్చిని కూడా ఎక్కించమంటావా?" అన్నాడు.

"ముందు నిన్నెక్కిస్తా, నోర్ముయ్యి!"

లచ్చి ఆ తర్వాత చాలా ఏళ్ళు మాతో ఉండి, ముసలిదై, గడ్డివాము నీడలో నిద్రలోనే పోయింది. నాయనమ్మా లేదు. మొన్న పుట్టింటికి వెళ్ళినప్పుడు చూస్తే కల్లం ఉన్నచోట కోల్డ్ స్టోరేజీ గోడ ఉంది. కాయలు కోసిన చోటే పట్టాలమీద ఎండి, నేరుగా లోపలికి పోతున్నాయి. కాపలాకి కుక్క అక్కర్లేదు. ఎడ్లూ తగ్గిపోయాయి. డాక్టరుగారు ఆ వేసవిలోనే బదిలీ అయిపోయారట, పేరేమిటని మేమెవరం అడగనేలేదు. రోజూ దీపం పెట్టి మేలు చేసినవాళ్ళందర్నీ తలుచుకునేటప్పుడు ఆయన్ని "లచ్చి డాక్టరుగారు" అనే తలుచుకుంటాను. ఎవరో, ఎక్కడున్నారో దేవుడికి నేను చెప్పాలా?